ఎర చేపల వేలం

కోత పండగ వస్తోందంటే దేవపాలుకు గుండెల్లో గుబులు. మైలవరం డ్యాములో చేపలు పట్టుకుని బతికే మనిషి, చర్చికి కానుకగా ఇంకేం తెస్తాడు పాపం, చేపే తెస్తాడు. ఆరాధన అయ్యాక కానుకలన్నీ వేలం వేస్తారు. పాడుకున్నవాళ్లు వెంటనే ఇంటికి పట్టుకుపోరు. ‘మళ్లీ దేవునికే’ అని తిరిగిచ్చేస్తారు, పాట మళ్లీ మొదలవుతుంది. అలా ఒక్క కోడిపుంజు మధ్యాహ్నం దాకా చేతులు మారుతూ రాజులా తిరుగుతుంది. చచ్చిన చేపకు మాత్రం ఒక్క పాటే. “బిన్నా తీస్కపోండప్పా, ఆలస్యమైతే వాసనొస్తాది” అని సంఘపెద్ద బాబ్జీ ముక్కు మూసుకుంటాడు. జనం ఘొల్లున నవ్వుతారు. ఆ నవ్వు ఏడాదంతా దేవపాలు చెవుల్లో మోగుతూనే ఉంటుంది.

ఈసారి బతికున్న వాలుగ చేపనే తీసుకుపోవాలని పంతం పట్టాడు. వాలుగ గాలానికి పడాలంటే కదిలే చిన్న చేప ఎరగా ఉండాలి. అందుకని ప్రొద్దుటూరులో రంగు చేపల అంగడికి పోయి గాలి కొట్టే చిన్న మోటారు తెచ్చాడు. నీలం డ్రమ్మును సగానికి కోసి, పడవ ఒరిగిపోకుండా సరిగ్గా నడుమ పెట్టి, తాళ్లతో బిగించాడు. పాత బైకు బ్యాటరీకి మోటారు తగిలించి, గొట్టం డ్రమ్ములోకి వదిలాడు.

“పెండ్లికూతురికి గూడా ఇంత సింగారం చేయరు” అంది గట్టు మీదున్న పెళ్లాం సుశీలమ్మ. “మన పెండ్లిలో నాకు ఫ్యానన్నా పెట్టిచ్చినావా?”

“మాటలు సాలుగానీ నీళ్లు నింపు. నేను ఎర చేపలు తెస్తా.”

సాయంత్రానికి చేపలు తెచ్చి వదిలి, మూత పెట్టాడు. పండగనాడు తెల్లవారి మూత తీస్తే ఇంకేముంది, అన్నీ వెల్లకిలా తేలి ఉన్నాయి! మోటారు మాత్రం బుడబుడమంటూ ఉషారుగా పనిచేస్తోంది. వంగి చూశాడు. డ్రమ్ము అడుగు అద్దంలా కనిపిస్తోంది. డ్యాము నీళ్లు ఎప్పుడైనా అంత తేటగా ఉన్నాయా?

“సుశీలా, యాడి నీళ్లివి?”

“మినరల్ వాటరు. దేవునికిచ్చే చేప గదా, మురికి నీళ్లేందిలే అని క్యాన్లు మోసుకొచ్చి పోసినా.”

“నీ తెలివి తెల్లారినట్టే ఉంది! చేపలు యాడ పుడతాయే? ప్లాంటులోనా?”

సుశీలమ్మ చెంబు తీసుకుని ఆ నీళ్లు తోడి పారబోయసాగింది. ఆమె కళ్లల్లో నీళ్లు చూసి దేవపాలు కోపం సగం చల్లారింది. డ్యాము నీళ్లు నింపి, మళ్లీ ఎర చేపలు పట్టి వేసేసరికి బారెడు పొద్దెక్కింది. ఇక గాలం వేసే వ్యవధి లేదు. ఉన్నవాటినే డ్రమ్ముతో, బ్యాటరీతో సహా ఆటోకెక్కించి జమ్మలమడుగు చర్చికి తెచ్చాడు.

బాబ్జీ డ్రమ్ములోకి తొంగిచూశాడు. “వాలుగ యాడప్పా?”

“పడలేదన్నా. వాలుగ తినే చేపలివి.”

చర్చంతా నవ్వులే నవ్వులు. ఎవురన్నా పాడతారా అని బాబ్జీ అడిగితే ఒక్కరూ నోరు విప్పలేదు. దేవపాలు తల వంచుకున్నాడు. ఏడాది పంతం ఇట్లా బూడిదపాలయిందే అని ఏడుపొచ్చింది.

“నూరు!” అని ఆడవాళ్ల వైపు నుంచి వినిపించింది.

చూస్తే సుశీలమ్మ! చర్చిలో గొంతెత్తి ప్రార్థన చేయమన్నా సిగ్గుపడే మనిషి, కొంగు నడుముకు చెక్కుకుని నిలబడింది. “నూరు రూపాయలు. మళ్లీ దేవునికే! పాట కానీన్నా!”

నవ్వులు ఆగిపోయాయి. టీచరు ఎస్తరమ్మ లేచి పాట పెంచింది, తిరిగిచ్చేసింది. ఆమె వెనక ఇంకొకరు, ఆ వెనక మరొకరు. మధ్యాహ్నానికి కోడిపుంజు కూరయిపోయింది గానీ ఎర చేపలు ఇంకా ఈదుతూనే ఉన్నాయి. అరిచి అరిచి బాబ్జీ గొంతు బొంగురుపోయింది.

“ఏందప్పా దేవపాలూ, ఇవి సావవా ఏంది?”

“సావవన్నా” అన్నాడు దేవపాలు బ్యాటరీ వైరు సరిచేస్తూ. “ఇంగోమాట. నా పేరు పిలవొద్దు. సుశీలమ్మ చేపలని పిలువు.”

“సుశీలమ్మ చేపలు! ఎవురు పాడతారప్పా?” అని బాబ్జీ కేకేశాడు. సుశీలమ్మ మొహానికి కొంగు అడ్డం పెట్టుకుని పకపకా నవ్వింది.