కమాండర్ సూటు

ఆయన పోయి రెండు నెలలైనా ఆమెకు ఏడుపు రాలేదు. పొద్దున్నే లేచి దుకాణం తెరిచేది. కత్తిరించేది, కుట్టేది, తాళం వేసుకుని ఇంటికి వెళ్లేది. చూసినవాళ్లు గుండె దిటవు గల మనిషి అనుకున్నారు. దిటవు కాదది, మొద్దు. తిమ్మిరెక్కిన చేతికి సూది గుచ్చుకున్నా తెలియనట్టు, లోపలంతా అలా ఉండేది.

ఆమె దర్జీ. ఆయన లిఫ్టులు బాగుచేసే మెకానిక్. ఆయనకున్న పిచ్చి ఒక్కటే, పాత సైన్స్ ఫిక్షన్ నవలలు. గ్రంథాలయం మేడమీద గదిలో ప్రతి ఆదివారం ఓ పదకొండు మంది చేరి, రాకెట్‌లో గాలి ఎన్నాళ్లకు అయిపోతుందని గొంతులు చించుకునేవాళ్లు. వాళ్లందరికీ ప్రాణం ‘తొమ్మిదో కక్ష్య’ అనే నవల. వాతావరణ కార్యాలయంలో గుమాస్తాగా చేసిన ఒకావిడ, మధ్యాహ్నం భోజన విరామాల్లో కూర్చుని రాసిన పుస్తకం. అందులో ఒంటరిగా అంతరిక్షంలోకి వెళ్లే కమాండర్ గురించి ఈయన ఎంత మాట్లాడేవాడంటే, క్లబ్బులో చివరికి ఈయన పేరే కమాండర్ అయి కూర్చుంది.

ఒక బుధవారం క్లబ్బు పెద్ద, రిటైరైన లెక్కల మాస్టారు, దుకాణానికి వచ్చారు. వెంట క్లబ్బులోనే ఉన్న ఒక నర్సు. ఇద్దరూ గుమ్మం దాటి లోపలికి రాలేదు.

“ఎలా అడగాలో తెలియట్లేదు చెల్లెమ్మా,” అని నసిగారు మాస్టారు. “వచ్చే ఆదివారానికి నవల వచ్చి యాభై ఏళ్లు. ఆ రోజు వేసుకోడానికని కమాండర్ సూటు నువ్వే కుడుతున్నావని మావాడు అంటుండేవాడు...”

“సగమైంది అన్నయ్యా. ఎవరు వేసుకుంటారు?”

నర్సు చెయ్యి సగం ఎత్తింది. “నేనక్కా. మీకు కష్టమనిపిస్తే వద్దులెండి.”

“నిటారుగా నిలబడు,” అని ఆమె టేపు తీసింది.

వాళ్లు వెళ్లాక బీరువా మీంచి సూటు దించింది. మెరిసే వెండిరంగు గుడ్డ, లోపల నీలం లైనింగు. నర్సు ఆయనకన్నా జానెడు పొట్టి, భుజాలు సన్నం. భుజం దగ్గర విప్పి మళ్లీ కుట్టాలి. “కదలకండి, గుచ్చుకుంటుంది” అని ఆయన్ను కసురుకుంటూ పెట్టిన సుద్ద గుర్తులు ఇంకా ఉన్నాయి. వాటిని బ్రష్‌తో దులిపింది. బ్లేడుతో కుట్లు తెంపింది. ఏమైనా అనిపిస్తుందేమోనని కాసేపు ఆగి చూసింది. ఏమీ అనిపించలేదు. మిగిలిన గుడ్డ చెత్తబుట్టలో వేసింది.

ఆదివారం గదిలో కాలు పెట్టే సందు లేదు. ఎక్కడెక్కడి నుంచో అరవై మంది వచ్చారు. రచయిత్రి ఫొటో ముందు, గాజుపలక కింద ఆవిడ చేతిరాత పేజీ ఒకటి. బల్ల మీద నవల ముద్రణలన్నీ వరసగా. రేకు చుట్టుకుని రోబోగా వచ్చిన ఒకమ్మాయి తలుపులో ఇరుక్కుపోతే నలుగురు పట్టి లాగారు. మూడో ముద్రణలో ఒక అచ్చుతప్పు అసలు తప్పేనా కాదా అని ఇద్దరు పెద్దమనుషులు కొట్టుకున్నంత పని చేశారు. నర్సు సూటులో నడిచి రాగానే చప్పట్లు మోగాయి. ఆమె చూపు మాత్రం తను విప్పి కుట్టిన ఎడమ భుజం మీదికే పోయింది. ముడత లేదు. బాగానే కుదిరింది.

తర్వాత క్విజ్. “ఆఖరి ప్రశ్న,” అన్నారు మాస్టారు. “చివర్లో కమాండర్ ఏమవుతాడు? ఇది మాత్రం మా చెల్లెమ్మే చెప్పాలి.”

ఆమె ఆ పుస్తకం చదవలేదు. సాయంత్రాలు తను కాజాలు కుడుతుంటే ఆయన చెప్పేవాడు, తను ఊ కొట్టేది.

“ఇంటికి తిరిగొస్తాడు,” అంది. “తలుపు కొడతాడు. బూట్లకి ఆ దుమ్మేంటి, బయటే విప్పండి అని వాళ్లావిడ తిడుతుంది.”

ముందు వరసలో ఎవరో నవ్వబోయి ఆగిపోయారు. మాస్టారు కళ్లజోడు తీసి తుడుచుకున్నారు. “పుస్తకంలో అలా లేదమ్మా.”

“మరెలా ఉంది?”

నర్సు వచ్చి పక్కన కూర్చుంది. “రాడక్కా. రేడియో ఆగిపోతుంది, కథ అక్కడితో సరి. అసలు పుస్తకంలో కమాండర్‌కి పెళ్లే కాలేదు.”

ఆమెకు ఒక సాయంత్రం గుర్తొచ్చింది. ఆ రోజు తను సూది ఆపి, “ఇంతకీ వస్తాడా, రాడా? రాకపోతే నాకీ కథ చెప్పకండి” అంది. ఆయన ఒక్క క్షణం ఆలోచించి, “రాకేం, వస్తాడు” అన్నాడు. ఆ రావడాన్ని మూడు సాయంత్రాలు సాగదీశాడు.

లేచి బల్ల దగ్గరికి వెళ్లి, ఒక పుస్తకం తీసి చివరి పేజీ తెరిచింది. రెండున్నర పంక్తులే ఉన్నాయి. రెండుసార్లు చదివింది.

“అబద్ధాలకోరు మనిషి,” అంది పైకే. “కళ్లార్పకుండా చెప్పాడు.”

చెవులు వేడెక్కాయి. కోపం. రెండు నెలల్లో వచ్చిందల్లా అదొక్కటే, అదీ ఎంతోసేపు నిలవలేదు.

“నేను అడక్కుండా ఉండాల్సింది,” అన్నారు మాస్టారు.

“ఈ పుస్తకం ఇస్తారా అన్నయ్యా? మొదట్నుంచీ చదువుతాను. ఆయన ఇంకా ఏమేం కల్పించారో చూడాలి.”

“తీసుకోమ్మా. కల్పించినవన్నీ రాసిపెట్టు. అవీ మాకు కావాలి.”

వారమంతా గిరాకీల మధ్య చదివింది. కొన్ని పేజీలు బుర్రకెక్కలేదు, మళ్లీ చదివింది. ఆదివారం చీటీ మడిచి పట్టుకుని గ్రంథాలయం మెట్లెక్కింది. ఆయన చెప్పినదానికీ పుస్తకానికీ పద్నాలుగు తేడాలు. పదకొండోది, కమాండర్ రాకెట్‌లో పిల్లి ఉండటం, నవలకన్నా మెరుగని సగం మంది, అపచారమని సగం మంది గంటన్నర వాదించుకున్నారు. ఆమె ఎవరి పక్షమూ పట్టలేదు. కిటికీ పక్క కుర్చీలో కూర్చుని వింది.