ప్రతులు అయిపోవచ్చినవి

కవిగారికి ఆ రోజు ఒళ్లంతా పులిసిపోయింది. పొద్దున్నుంచీ మంచం కింద దూరి, తన పుస్తకాల కట్టలన్నీ బయటికి లాగి, దుమ్ము దులిపి, మళ్లీ మంచం కిందికే తోశాడు. సాయంత్రం పొట్లాల కాగితాల వర్తకుడు బండి తెస్తానన్నాడు.

"దులిపి పంపితే పొట్లాలు శుభ్రంగా ఉంటాయనా?" అంది భార్య వంటింట్లోంచి.

ఆయన నడుం పట్టుకుని గోడకు చేరగిలబడ్డాడు.

ఆ పుస్తకం కోసం ఆయన చెయ్యని పని లేదు. అచ్చుకు ముందు అభిప్రాయాల కోసం పెద్దమనుషుల గుమ్మాల చుట్టూ కాళ్లరిగేలా తిరిగాడు. రేపు రమ్మన్నవాళ్లే గాని రాసిచ్చినవాడు ఒక్కడూ లేడు. విసుగెత్తి తనే రాసుకున్నాడు. 'ఒక విశ్రాంత న్యాయమూర్తి', 'ఒక సాహిత్యాభిమాని', 'ఒక విదుషీమణి'... పేర్లెందుకు, హోదాలు చాలవూ? పుస్తకం ముందు ఇరవై పేజీలు వాటితోనే నిండాయి. విదుషీమణి పొగడ్త మరీ ఎక్కువైందని ఆయనకే సిగ్గేసింది. అయినా కొట్టెయ్యలేదు లెండి.

పుస్తకం బయటికొచ్చాక జిగురు డబ్బా పట్టుకుని గోడగోడకీ కరపత్రాలు అంటించాడు. రైలు పెట్టెలెక్కి గొంతు చించుకుని కవితలు వినిపించాడు. స్టేషను రాగానే జనం బతుకుజీవుడా అని దిగిపోయేవారు. ఆఖరికి వారపత్రికలో ప్రకటన కూడా వేయించాడు: 'అయిదు వందల ప్రతులు అయిపోవచ్చినవి. ఆలసించిన ఆశాభంగం. త్వరపడుడు!' అప్పటికి అయిపోయినవి నిండా పాతిక లేవు. అందులో ఒకటి గ్రంథాలయానికి ఊరికే ఇచ్చింది, తక్కినవి చుట్టాలకు పంచినవి. బావమరిది అయితే కళ్లజోడు ముక్కు మీదే పెట్టుకుని, కళ్లజోడు తేలేదు బావా అని మొహం చాటేశాడు.

రెండేళ్లయ్యింది. పేరు మీద ఆశ ఎప్పుడో చచ్చింది. కవిగారికి ఇప్పుడు ఒక్కటే తెలియాలి. తను పోరకుండా, తను బతిమాలకుండా, తనంతట తానుగా ఒక్క మనిషైనా ఆ పుస్తకం చదివారా? బండి వచ్చేలోగా తెలియకపోతే ఇక కలం ముట్టనని భార్యతో అనేశాడు. వద్దని ఆవిడ ఒక్క మాటైనా అనలేదు. బల్ల మీది కలం తీసి ఎక్కడో పెట్టేసింది. ఆ పని ఆయన్ను మరీ కుంగదీసింది.

మధ్యాహ్నం ఎవరో తలుపు తట్టారు.

"కవిగారిల్లు ఇదేనాండీ?"

యాభై ఏళ్లావిడ. కొలతల టేపు మెడలోంచి తియ్యడం మర్చిపోయి వచ్చినట్టుంది. స్టేషను వెనక వీధిలో బట్టలు కుడతానని చెప్పింది. ఇంట్లో ఉన్న ఒక్క కుర్చీకి కాలు విరిగింది కాబట్టి మంచం మీదే కూర్చోమన్నాడు. దుప్పటి నేలదాకా వేలాడుతోంది. దాని వెనకే కట్టలన్నీ. కవిగారు కాలితో దుప్పటి అంచు లోపలికి తోశాడు.

"మీ ప్రకటన చూశానండీ," అందామె. "చేతిలో పని తెమిలి కొందామనుకునేసరికి రెండు నెలలైపోయింది. అయిపోవచ్చాయన్నారు కదా, ఇంకెక్కడ దొరుకుతుందిలే అనుకున్నా. గ్రంథాలయంలో ఒకటుంటే, రోజూ మధ్యాహ్నం కూర్చుని చూసి రాసుకున్నానండీ. మిమ్మల్ని అడక్కుండా రాసుకున్నా, కోప్పడకండి. దీనిమీదే ఒక సంతకం పెడతారేమోనని వచ్చాను."

సంచిలోంచి నోటుపుస్తకం తీసింది. కవిగారు అందుకుని తెరిచాడు. గుండ్రటి పెద్ద అక్షరాలు, పేజీల మధ్య ఎక్కడో చిక్కుకున్న ఎర్ర దారప్పోగు. మొదటి పేజీలోనే మొదటి కవిత.

"ముందు అభిప్రాయాలుండాలే?" అన్నాడు.

"వదిలేశానండీ. ఎవరెవరో రాసినవి కదా. నాకు మీరు రాసినవే కావాలి."

వంటింట్లో భార్యకు దగ్గొచ్చింది. నవ్వు ఆపుకోబోతే వచ్చిన దగ్గని కవిగారికి తెలుసు. గబగబా పేజీలు తిప్పాడు. అరవై కవితలకు పధ్నాలుగే ఉన్నాయి.

"మిగతావి?"

ఆమె టేపు చివర వేలికి చుట్టుకుంది. "అబద్ధమెందుకు కవిగారూ. నా మనసుకు పట్టినవి ఇవేనండీ. ఇదిగో, మీ ఆవిడ జ్వరంతో పడుకున్నప్పటిది... అది కుడుతూ కుడుతూ చదువుకుంటాను. మిగతావి బాగుండే ఉంటాయి, నాకే తెలీలేదు."

మనసు చివుక్కుమంది. ఆ వెంటనే, ఎన్నడూ లేని ఉపశమనం. న్యాయమూర్తీ విదుషీమణీ అరవైనీ మెచ్చుకున్నారు. ఇది బాగుంది, ఇది బాలేదు అని చెప్పిన మనిషి ఈమె ఒక్కతే. వంటింట్లో దగ్గు కూడా ఆగిపోయింది.

"కవిగారూ! బండొచ్చింది!" బయట వర్తకుడి కేక.

రేపు రమ్మని వర్తకుణ్ణి పంపెయ్యొచ్చు. మర్యాద దక్కేది. కానీ ఆయన అబద్ధాలాడీ ఆడీ అలిసిపోయాడు.

"కొంచెం లేస్తారా అమ్మా," అని నోటుపుస్తకం ఆమె చేతికిచ్చి, వంగి దుప్పటి ఎత్తాడు.

ఆమె ఆ కట్టల వంక చూసింది.

"అయిపోవచ్చాయన్నారు..."

"ఆ ప్రకటన నేనే రాశానమ్మా. ఆ అభిప్రాయాలూ నేనే రాసుకున్నాను." ఒక ప్రతి తీసి చాచాడు. "ఇది మీరుంచుకోండి. ఆ నోటుపుస్తకం నాకివ్వండి."

ఆమె అచ్చుపుస్తకం అందుకోలేదు. నోటుపుస్తకాన్ని గుండెకు హత్తుకుంది.

"ఊహూఁ. ఇది మాత్రం ఇవ్వనండీ. నెలన్నర రాశాను. సంతకం దీనిమీదే పెట్టండి."

అప్పటికే భార్య కలంతో గుమ్మంలో నిలబడి ఉంది. కళ్లు తుడుచుకుని కలం ఆయన చేతికిచ్చింది. కవిగారు సంతకం పెట్టి, బయటికి చూసి, "పట్టుకుపోవయ్యా, అన్నీ పట్టుకుపో," అన్నాడు.

వర్తకుడు కట్టలు మోస్తుంటే దారికడ్డం లేకుండా ముగ్గురూ గోడవారగా నిలబడ్డారు. ఆఖరి కట్ట గుమ్మం దాటాక కవిగారు నెమ్మదిగా అడిగాడు.

"అమ్మా, ఒక్క పూట మీ పుస్తకం ఇస్తారా? చూసి ఆ పధ్నాలుగూ రాసుకుని తిరిగిచ్చేస్తాను."

ఆమె నోటుపుస్తకాన్ని సంచిలో పెట్టుకుంది.

"మా కొట్టుకొచ్చి రాసుకోండి," అంది. "బయటికివ్వను."