వదిన పేరెత్తి చేసిన ప్రార్థన

సారా, ఇలా వచ్చి నా పక్కన కూర్చో. ఆ ఫోను కాసేపు అవతల పెట్టు. మా జ్ఞానవతి వదిన సంగతి నీకు చెప్పాలి. ఆమెను కళ్లారా చూసినవాళ్లలో మన ఇంట్లో మిగిలింది నేనొక్కదాన్నే.

మా నాన్న సర్కారు వడ్రంగి పనికని విశాఖ నుంచి ఓడలో ఈ దీవులకు వచ్చి డెలానీపూర్‌లో స్థిరపడ్డాడు. ఆయన పోయాక అమ్మ, అన్నయ్య, నేను మిగిలాం. అన్నయ్య పేరు యిర్మియా. దీవుల మధ్య తిరిగే ఫెర్రీలో ఇంజను పని. వదిన భీమిలి పిల్ల. సముద్రం పక్కనే పుట్టినా, పెళ్లయ్యాక ఇక్కడికి రావడానికే తొలిసారి ఓడెక్కింది.

అప్పట్లో మన తెలుగు క్రైస్తవ సంఘం ఆదివారాలు రేకుల షెడ్డులో కూడేది. ఒక పక్క చాపల మీద మగవాళ్లు, ఇంకో పక్క ఆడవాళ్లు. ఇంటి పెద్దలు లేచి తమవాళ్ల కష్టం చెబితే, ఏలీయా అయ్యగారు ఆ మనిషి పేరెత్తి ప్రార్థించేవారు. జ్వరమైతే తగ్గేదాకా, ఉద్యోగమైతే దొరికేదాకా వారం వారం ఆ పేరు ఎత్తాల్సిందే. పెళ్లయిన ఏడాదికి మా అమ్మ మేరి లేచి కోడలికి గర్భఫలం కావాలంది. ఇక వదిన పేరు ఆగలేదు. ఆమె తర్వాత చెప్పినవాళ్ల జ్వరాలు తగ్గాయి, ఉద్యోగాలు వచ్చాయి, వదిన పేరు మాత్రం అలాగే ఉండిపోయింది. అయ్యగారు "జ్ఞానవతమ్మ" అనగానే, మూసుకున్న కళ్లు తెరిచి ఆడవాళ్లంతా ఆమె నడుం వైపు చూసేవారు.

శనివారం వచ్చిందంటే వదినకు కాలు నిలిచేది కాదు. ఊడ్చిన వాకిలే ఊడ్చేది, తోమిన గిన్నే తోమేది. ఇంట్లో ఉప్పు ఉండగానే ఉప్పుకని గోల్ ఘర్ బజారు దాకా నడిచి, ఉప్పు కొనకుండా తిరిగొచ్చేది.

చివరకు నన్ను తోడు తీసుకుని ఆసుపత్రికి వెళ్లింది. లేడీ డాక్టరు పరీక్షలన్నీ చేసి, నీలో ఏ లోపమూ లేదు, ఇక నీ భర్తను పంపమని హిందీలో చెప్పింది. ఆ మాట ఇంట్లో చెబితే అమ్మ నవ్వేసింది. మా ఇంటి మగవాళ్లకు అలాంటి లోటు ఎప్పుడూ లేదంది. అన్నయ్య అన్నం కలుపుతూనే ఉన్నాడు గాని ముద్ద ఎత్తలేదు. ఆ తర్వాత పక్కవాళ్ల డ్యూటీలు కూడా అడిగి తీసుకుని ఎక్కడో దూరాన ఉన్న డిగ్లీపూర్ ట్రిప్పులకు వెళ్లిపోవడం మొదలుపెట్టాడు.

వానలు వెనకబట్టాక అమ్మ తీర్పు చెప్పింది. పిల్లకు ఇక్కడి నీళ్లు పడలేదు, వచ్చే ఓడకు మెయిన్‌లాండ్ పుట్టింటికి పంపితే గాలి మారుతుందని. గాలి మార్పుకని ఎక్కించిన కోడళ్లు మళ్లీ ఓడ దిగడం మా వీధిలో ఎవరూ చూడలేదు. వదినకూ అది తెలుసు.

తుఫాను పట్టి ఓడ ఆలస్యమైంది. రేపన్నారు, ఎల్లుండన్నారు. వదిన పెట్టె సర్దేది, విప్పేది, మళ్లీ సర్దేది. జెట్టీ వైపు ఏ హారన్ మోగినా చేతిలో పని వదిలేసి వాకిట్లోకి పరిగెత్తేది. అన్నయ్య ఇంట్లో ఉన్నా కూర్చునేవాడు కాదు. ఒక సాయంత్రం పెరట్లో వాళ్ల మాటలు నా చెవిన పడ్డాయి.

"నన్ను పంపేస్తారా?"

"అమ్మ సెప్తంది కదా. థోడా దినాలే."

"మీరేటి సెప్తన్నారు?"

అన్నయ్య అప్పటికే నిండి ఉన్న బకెట్ పట్టుకుని కుళాయి వైపు వెళ్లిపోయాడు.

ఓడెక్కేవాళ్లను ముందటి ఆదివారం సంఘంలో నిలబెట్టి, ఎక్కడికి, ఏ పని మీద వెళ్తున్నారో చెప్పించి సాగనంపడం మా దీవుల ఆచారం. ఆ ఆదివారం వదిన కూడా లేచి నిలబడింది. ఎందుకు వెళ్తున్నావమ్మా అని అయ్యగారు అడిగారు.

"నాకు తెల్దు అయ్యగారూ. మా అత్తనడగండి."

అమ్మ లేవబోయింది. అంతలో మగవాళ్ల చాపల మీది నుంచి అన్నయ్య లేచాడు. ఆడవాళ్లు కాళ్లు ముడుచుకుని దారి ఇస్తుంటే, వాళ్ల మధ్యలోంచి నడిచివచ్చి వదిన పక్కన నిలబడ్డాడు. మన సంఘంలో మగవాడు ఆ వైపు రావడం అదే మొదలు.

"అయ్యగారూ, ఈవిడ ఎల్లడం లేదు. నాను పరీక్ష సేయించుకున్నాను. లోపం నాదే. ఆ పేరు ఒగ్గీసి, ఇకమీద నా పేరెత్తండి."

ఆఖరి పాట దాకా ఆగకుండా అమ్మ చెప్పులు వేసుకుని వెళ్లిపోయింది. అయ్యగారు చేతులు జోడించి కళ్లు మూసుకున్నారు. తర్వాత "యిర్మియా" అన్నారు. ఈసారి కళ్లు తెరిచింది మగవాళ్లు.

అంతటితో అన్నీ చక్కబడ్డాయనుకుంటున్నావా? ఇంటికి వచ్చే దారిలో పరీక్ష ఎప్పుడు చేయించుకున్నారని వదిన అడిగింది. వానలకు ముందు అన్నాడు అన్నయ్య. వదిన రోడ్డు మధ్యలో ఆగిపోయింది.

"అన్ని వారాలూ నన్నే సూడనిచ్చారా?"

ఆ తర్వాత అతనితో మాట్లాడటం మానేసింది. ఓడ ఆమె లేకుండానే వెళ్లింది. అది మలుపు దాటేదాకా వాకిట్లో నిలబడి చూసి, ఎక్కి ఉండాల్సిందేమో అంది నాతో. అన్నయ్య ఆమె చుట్టూ తిరిగేవాడు. జెట్టీలో వాళ్లు ఊరుకుంటారా? ఊరి ఇంజన్లన్నీ బాగుచేస్తాడు గాని సొంత ఇంజను స్టార్టవదని నవ్వేవారు. అన్నయ్య టీ కొట్టుకు వెళ్లడం మానుకున్నాడు.

ఒకనాడు చేపల బజారులో వదిన వినేటట్టే ఆ మాట అన్నారు. వదిన బుట్ట కింద పెట్టింది.

"అది నలుగుర్లో ఒప్పుకున్న మొగోడు మీలో ఒకడున్నాడేటి భయ్యా?"

ఆ సాయంత్రం అన్నయ్యకు తనే అన్నం వడ్డించింది. మర్నాడు అయ్యగారి దగ్గరకు వెళ్లి, ఇక మా ఆయన పేరు కూడా ఎత్తవద్దు, ఏం కావాలో మేమిద్దరం ఇంట్లోనే అడుక్కుంటామని చెప్పి వచ్చింది. అమ్మ చాలాకాలం ముభావంగానే ఉండి, మంచం పట్టాక వదిన చేతి గంజే తాగింది.

ఈ సంగతి గుర్తుంచుకో సారా, నీ తర్వాతవాళ్లకు చెప్పు. మనవాళ్లు ఇది చెప్పేటప్పుడు చివర్లో ఒక బిడ్డను పుట్టించేస్తారు. వాళ్లకు బిడ్డ పుట్టలేదు. వాళ్లు కలిసే బతికారు. నువ్వు చెప్పేటప్పుడు మాత్రం పుట్టించకు, తల్లీ.