ఎడమవైపు లెక్క

సర్వపిండి మూకుడుకు వత్తుతూ నేను మా ఆయనకు కమాండ్లు చెబుతున్నాను. చేతుల నిండా పిండి, చెవికీ భుజానికీ మధ్య ఫోను. ఉమాకాంత్ పక్క ఊరు కిమ్‌లోని ఒక చీరల మిల్లులో, మగ్గం పక్కన ల్యాప్‌టాప్ పెట్టుకుని ఉన్నాడు.

“గా కమాండ్ ఏందే? జర మల్ల చెప్పు.”

“పేక. పి, ఇ, ఇ, కె, ఎ. దాని పక్కన అయిదు వందల ముప్పై.”

“గీ తెలుగు పేర్లు పెట్టకంటే వినవు. సేట్ చూస్తే నవ్వుతడు.”

“కొట్టినవా? ఏం జూపెట్టింది?”

“రెండు వందల పన్నెండో హుక్కు లేస్తలేదట. దొరికింది!”

ఫోను పెట్టేశాడు.

మేమిద్దరం పనిచేసే కంపెనీ మగ్గాలకు కంప్యూటర్ పెట్టెలు తయారుచేస్తుంది. చీర డిజైన్ ప్రకారం ఏ పడుగు పోగు ఎప్పుడు లేవాలో ఆ పెట్టె చెబుతుంది, మగ్గం మీదున్న హుక్కులు లేపుతాయి. ఎక్కడైనా తేడా వస్తే చూడ్డానికి డీబగ్గర్ ఉంటుంది. నడుస్తున్న ప్రోగ్రాంను మధ్యలో ఆపి లోపల ఏం జరుగుతోందో చూపిస్తుంది. చూపించేది మాత్రం అంకెల గుట్ట. ఒక్క తప్పు పట్టుకోవాలంటే అవే కమాండ్లు వందసార్లు కొట్టాలి. పాప కడుపులో ఉండగా, ఆఫీసుకు రావద్దు ఇంట్లోంచే చెయ్యమన్న రోజుల్లో, నేను ఆ డీబగ్గర్‌కు పైథాన్ అనే ప్రోగ్రామింగ్ భాషను తగిలించాను. ఇక మనిషి అన్నేసి కమాండ్లు కొట్టక్కర్లేదు. ఎన్నో పేక పోగు దగ్గర చీర చెడుతోందో చెబితే చాలు, నేను దాంట్లో రాసిన స్క్రిప్టు అక్కడిదాకా నడిచి, తనే ఆగి, లేవాల్సిన హుక్కులనూ లేచిన హుక్కులనూ సరిచూసి తేడా ఉన్నదాని నంబరు చెబుతుంది. ఏడు నెలలు పట్టింది. దాన్ని ఆఫీసులో మొదట చూపించింది ఉమాకాంత్ కాబట్టి అందరూ ‘ఉమాకాంత్ టూల్’ అన్నారు. “మనిద్దరిల ఎవరిదైతే ఏంది?” అన్నాడు ఇంటికొచ్చి. ఆ ‘మనిద్దరిల’ అన్న మాటకు నేను మురిసిపోయాను. ఇప్పుడు చెప్పుకోవాలంటే సిగ్గుగా ఉంది.

నిజానికి ఆ రోజు కిమ్‌కు నేను వెళ్లాల్సింది. సిరిసిల్ల నుంచి మా అత్తమ్మ చెల్లెలు వస్తోందని ఆగిపోయాను. “ఇంటికి సుట్టాలొస్తుంటే కోడలు మిల్లుల పొంటి తిరుగుతదా? వాడు పోతడు తియ్. నీది ఇంట్ల కూసొని చేసే పనే గదా, ఫోన్ల చెప్పు” అంది అత్తమ్మ. ఇంట్లో కూర్చుని చేసే పని అన్న పేరు ఒకసారి పడ్డాక, ఆ కూర్చోవడం ఎప్పుడు దొరుకుతుందో ఎవరూ అడగరు. పొద్దున అయిదు నుంచి నేను నిలబడే ఉన్నాను. ఆ రోజు నేను అడగాల్సిన ప్రశ్న ఒక్కటే ఒక్కటి. హుక్కు దగ్గరికెక్కడానికి నిచ్చెన మగ్గానికి ఎటువైపు వేశావు? ఈలోగా నూనె మాడింది, అత్తమ్మ కేకేసింది. నేను తిరిగి ఫోను చెయ్యలేదు.

మర్నాడు ఆయన వాయిస్ మెసేజ్ పెట్టాడు, రిపోర్టు టైప్ చెయ్యమని. ఆయన రిపోర్టులన్నీ నేనే టైప్ చేస్తాను. “నీ ఇంగ్లీషు మంచిగుంటది” అని ఒక పొగడ్త పడేస్తే అయిదేళ్లపాటు టైపిస్టు దొరుకుతుందని ఆయనకు తెలుసు. “పెట్టె దిక్కుకెల్లి నిచ్చెన ఎక్కి, ఎడమ నుంచి లెక్కవెట్టి, రెండు వందల పన్నెండో హుక్కు మార్చినం. అయినా చీరల గీత పోలే. అంటే మన మిషన్ల తప్పు లేదు. పోగులు అతికిన ఆమెనే తప్పు ముడేసింది. గట్ల రాయి.”

కొత్త పడుగు పోగులను పాతవాటి కొసలకు ముడేసే మనిషిది తప్పంటున్నాడు. కానీ పెట్టె ఉండేది మగ్గం వెనక. అటు నిలబడితే ఎడమ కుడి అవుతుంది. నేను పుట్టి పెరిగింది సిరిసిల్ల వైపు నుంచి వలసొచ్చిన నేతవాళ్లుండే లింబాయత్‌లో, మగ్గాల చప్పుడులో. తెగిన పోగును వెతికేటప్పుడు మా సారక్క చిన్నమ్మ నా వేలు పట్టుకుని లెక్కపెట్టించేది. నేసే మనిషి నిలబడే చోటు, ఆ మనిషి ఎడమ చెయ్యి, అక్కడ ఒకటి. నా స్క్రిప్టులో ప్రతి వరుసకూ వివరణ రాశాను. లెక్క ఎటు నుంచో మాత్రం రాయలేదు. అన్నం ఏ చేత్తో తినాలో ఎవరైనా రాసిపెడతారా? మగ్గాన్ని ఇంకోవైపు నుంచి చూసేవాళ్లు ఉంటారని నాకు తట్టనే లేదు.

సాయంత్రం ఆయన రాగానే చెప్పాను. “నువ్వు తప్పు హుక్కు మార్చినవ్. నేసెటోళ్ల దిక్కుకెల్లి లెక్కవెట్టాలె.”

“మరి గది నీ స్క్రిప్టుల రాయాలె గదా?”

అప్పటిదాకా మనిద్దరిది, ఆ ఒక్క నిమిషంలో నా స్క్రిప్టు అయింది. ఆయన అన్నది నిజం కూడా.

“ఇప్పుడు తప్పు మనదని రాస్తే ఏమైతదో ఎరుకేనా? వచ్చే నెల నన్ను హెడ్ చేస్తమంటున్నరు. ఎవరో పోగులు ముడేసే ఆమె, ఇంకోకాడ పని దొరుకుతది. టైప్ చెయ్.”

టైప్ చేశాను. ‘పోగులు అతికిన కార్మికురాలి పొరపాటు’ అని, ఇంగ్లీషులో, ఒక్క తప్పు లేకుండా. సారక్క చిన్నమ్మ కిమ్‌లోనే ఏదో మిల్లులో ఆ పనే చేస్తుందని నాకు తెలుసు. ఏ మిల్లో అమ్మనొక్క మాట అడిగితే పోయేది. అడగలేదు. అడగకపోవడం తెలిసే చేశాను.

పదిహేను రోజులకు అమ్మే ఫోను చేసింది. “సారక్కను పనిలకెల్లి తీసేసిన్రే. చెయ్యి మంచిది కాదని కాయితం రాసి మిల్లులకు పంపిన్రట. లింబాయత్ల సుత ఎవ్వలు పెట్టుకుంటలేరు.”

మర్నాడు పాపను బడికి పంపి, మేముండే అమ్రోలి నుంచి రెండు ఆటోలు మారి లింబాయత్ వెళ్లాను. చిన్నమ్మ గడపలో కూర్చుని ఉంది. ఒళ్లో చీరల కుప్ప, చేతిలో చిన్న కత్తెర. అంచుల్లో వేలాడే దారాలు కత్తిరిస్తోంది. పనిలేని ఆడవాళ్లకు ఆ గల్లీలో దొరికే పని అదొక్కటే. నేను మొదటి నుంచి అంతా చెప్పాను. నిచ్చెన, లెక్క, నేను టైప్ చేసిన మాట. ఆమె కత్తెర ఆపలేదు.

“నాకెరుకనే బిడ్డా. మీ ఆయన నిచ్చెన అటుదిక్కు ఏసిండు. సారూ, ఇటుకెల్లి లెక్కవెట్టాలె అన్న. నీ పని నువ్వు చూస్కో అన్నడు. మీ పెండ్లిల దగ్గరుండి బువ్వ వడ్డించిన, అయినా నన్ను గుర్తువట్టలే.”

“నాకొక్క ఫోన్ జేయకపోతివి చిన్నమ్మా!”

“ఏమని జేస్త? నీకు తెల్వకుంట ఉంటదా అనుకున్న. తెలిసే ఊకున్నదనుకున్న.” అప్పుడు తలెత్తి చూసింది. “గిన్ని దినాలు వట్టిందా నీకు?”

ఏడ్చాను. ఆమె నన్ను ఊరుకోబెట్టలేదు, తిట్టలేదు. లేచి గ్లాసుతో నీళ్లు తెచ్చి పెట్టి మళ్లీ చీర అందుకుంది. చిన్నప్పుడు నాకు లెక్క నేర్పిన వేళ్లు అవి. తిట్టి ఉంటే బాగుండేది.

“నాకు గా పని మల్ల ఇప్పియ్యాలని అడుగుతలేను. ముప్పయేండ్లు ముడేసిన చెయ్యి ఇది. మంచిది కాదని రాసిన్రు సూడు, గది తీసెయ్యమను.”

అక్కణ్ణుంచి ఇంటికి పోలేదు. స్టేషన్‌కు పోయి కిమ్ వెళ్లే బండి ఎక్కాను. దారిలో ఉమాకాంత్ ఫోను.

“యాడున్నవ్? అమ్మ ఇంకా తినలేదట.”

“కిమ్ పోతున్న. నువ్వు తప్పు మోపింది మా సారక్క చిన్నమ్మ మీదనే, ఆమె తప్పు లేదని చెప్పనీకి.”

“విజయా, నా పరువు తీస్తవా?”

“చిన్నమ్మకు సుత పరువున్నది” అన్నాను. పెట్టేశాను.

మిల్లు యజమాని నరహరిభాయ్ పెద్దాయన. ఉమాకాంత్‌భాయ్ మిసెస్ వచ్చారని చాయ్ తెప్పించాడు. ఆ మగ్గం మీద గీత ఇంకా పడుతూనే ఉందట. సారక్క పాడుచేసిన పడుగు అయిపోయేదాకా ఇంతేనని ఉమాకాంత్ చెప్పాడట. నేను చాయ్ పక్కన పెట్టి, చున్నీ నడుముకు బిగించి, నేసే మనిషి నిలబడే వైపు నిచ్చెన వేయించుకుని ఎక్కాను. ఎడమ నుంచి లెక్కపెట్టాను. మెకానిక్ ఆ హుక్కు మార్చాడు. మగ్గం నడిచింది. జానెడు బట్ట దిగింది, గీత లేదు. నరహరిభాయ్ బట్టను వేళ్లతో తడిమి, ఆఫీసులోకి నడిచి మిల్లు పేరున్న కాగితం తీశాడు.

“సారక్కబెన్ తప్పు లేదని రాసి అన్ని మిల్లులకూ పంపిస్తాను. ఆమె జాగాలో మాత్రం వేరే మనిషి వచ్చేసింది. మీరు ముందే చెప్పి ఉంటే...” అని హిందీలో అంటూ ఆగాడు. నేను తల దించుకున్నాను. “మరి తప్పు ఎవరిదని రాయను? మిషన్‌దని రాసేద్దామా, ఉమాకాంత్‌భాయ్‌కి ఇబ్బంది లేకుండా?”

ఆయన మంచి మనసుతోనే అడిగాడు. ఇన్నాళ్లూ అందరూ నన్ను మంచి మనసుతోనే అడిగారు.

“తప్పు వైపు నుంచి లెక్కపెట్టింది ఉమాకాంత్. సారక్క చెప్తే విననిదీ ఆయనే. లెక్క ఎటు నుంచో ప్రోగ్రాంలో రాయనిది నేను. అబద్ధమని తెలిసీ రిపోర్టు టైప్ చేసింది నేను. అంతా రాయండి.”

“ప్రోగ్రాం ఉమాకాంత్‌భాయ్‌ది కదా?”

“కాదు, నాది.”

ఆయన పెన్ను మూత తీసి నా పూర్తి పేరు అడిగాడు. అయిదేళ్ల తర్వాత నేను చేసిన పనికి నా పేరు పడింది, తప్పు ఒప్పుకున్న కాగితం మీద.