గోటి మీద పాలచుక్క

వంటింట్లోంచి వచ్చిన గిన్నెలో వేలు ముంచి, మునిశేఖర్ బొటనవేలి గోటి మీద ఒక చుక్క వేసుకున్నాడు. జారిపోయింది. చిక్కటి పాలయితే గోటిని కరుచుకుని ఉండాలి.

శ్రీకాళహస్తిలో కలంకారీ కలం పట్టిన నాటి నుంచీ అతడికి లోకం మీద నమ్మకం తక్కువ. కరక్కాయ పొడి కలిపిన ఎనుము పాలలో బట్టను నానబెట్టి ఆరేస్తేనే నల్లగీత గీసినచోట నిలుస్తుంది. పాలు పలచనయితే పాకుతుంది. దేవుళ్ళను గీసినన్నాళ్ళూ ఆ మసకను మహిమ అనుకుని దండం పెట్టేవాళ్ళు. ఇప్పుడతడు గీసేది వీధిని: రాహుకేతు పూజకొచ్చిన కార్లు, గ్యాసు బండలు, నడుమ క్యానుతో పాల తిరుమలమ్మ. చెన్నై ప్రదర్శన కోసం ఎన్ని బట్టలు మార్చినా తిరుమలమ్మకు మీసాలే మొలుస్తున్నాయి. ఈసారీ గీత పాకితే ప్రదర్శన లేనట్టే. కరక్కాయల అంగడిని అనుమానించాడు, ఎండను అనుమానించాడు, చివరికి పాలు పోసే మనిషి దగ్గర ఆగాడు. పెళ్ళాన్ని అనుమానించే తీరిక మాత్రం దొరకలేదు.

పక్కింట్లో పోసి వస్తున్న తిరుమలమ్మను ఆపి, నీళ్ళెంత కలుపుతున్నావని నలుగురిలో అడిగేశాడు. ఆమె రొమ్ము రుద్దుకుంటూ క్యాను కింద పెట్టింది.

"నీళ్ళు నా ఎనుము తాగుతాది గానీ, నేను పొయ్యనప్పా. ఇదో, క్యానే పెట్టిపోతాండా. నువ్వే సూసుకో."

క్యానును అతడు వంటింటి గడప తొక్కనివ్వలేదు. నేరుగా తొట్టిలో వంచి, బట్ట ముంచి, పిండి, మిద్దె మీద ఆరేశాడు. మధ్యాహ్నం గీశాడు. ముక్కు, ముక్కుపుడక, క్యాను పిడి, అన్నీ గీసినచోటే కుదురుగా కూర్చున్నాయి. అడిగేసరికి దారికొచ్చిందిలే అని మురిసిపోయాడు.

సాయంత్రం నాగవేణి మొగుడి ముందు నల్ల కాఫీ పెట్టింది. పాలేవన్నాడు.

"క్యాను వంటింట్లోకి రానిస్తివా?" అంది. కొంగు సర్దుకుని, "దినామూ నీ కాఫీకి తీసినంతా నీళ్ళతో నింపేది నేనే. గుడ్డకే కదా అనుకుంటి."

నలుగురిలో అన్న మాటను అతడు రేపు నలుగురిలోనే వెనక్కి తీసుకోవాలి. ఖాళీ క్యానును తెచ్చి, తిరుమలమ్మకు అందేచోట అరుగు మీద పెట్టాడు.

దీపాలవేళ పక్కింటి ఖమర్ జహాన్ వచ్చింది. తిరుమలమ్మ ఇంటికి పోయి, గుండెల్లో మంటగా ఉండాదని పడుకుందట. మళ్ళీ లేవలేదట.

అరుగు మీద క్యాను అలాగే ఉంది. దాని అంచున ఒక పాలచుక్క, జారకుండా, పట్టుకున్నచోటే ఎండిపోయి ఉంది.