సగం కాలిన పిలుపు

అన్నాలవేళకు బావ పడవ ఇంజను ఒక్కటే సముద్రంలోంచి నడిచి ఇంటికి వస్తుంది. గుమ్మం దగ్గర ఇసుక దులుపుకొని, బావ కూర్చునే పీట మీద కూర్చుంటుంది.

అక్క కాసులమ్మ కంచం పక్కకు జరుపుతుంది. బావ దానయ్య వేటకు వెళ్లి తిరిగి రాకపోయినప్పటి నుంచీ ఆమె సరిగా తినడం లేదు. ఇంజనుకు దాహంగా ఉందని ఆమెకే ముందు తెలుస్తుంది. చెంబులో పెట్రోలు పోసి, ఆయిలు కలిపి అందిస్తుంది.

"రెండూ ఇడిగా ఇయ్యకూడదా?" అంటాను.

"ఆయిలు దాసుకోడానికి నాకు ఏరే సోటు లేదు," అంటుంది ఇంజను. "నన్ను మెత్తగా తిప్పేదాన్ని కూడా మంటలోనే ఏసుకుంటాను."

అక్క తల ఊపుతుంది. అది ఆమెకు తెలిసిన సంగతే.

"ఆయనేడి?" అని అడుగుతుంది.

"కెరటం ఒచ్చిందమ్మా. పడిపోయాడు."

"నువ్వాగలేదా?"

"నాకు రెండే అడుగులు. పైకెళ్తా గాలి పీల్సి నొక్కుతాను. కిందికొత్తా మండి పొగ ఒదులుతాను. మళ్లీ పైకే. నాలుగడుగుల ఇంజన్లకి మంట లేకుండా తిరిగే సుట్టొకటి ఉంటాది. ఆ సుట్టులో ఎనక్కి సూడొచ్చు. నాకది లేదు."

అక్క పీట దగ్గరకు జరుగుతుంది.

"పడేటప్పుడు ఏటైనా అన్నాడా?"

"అన్నాడు. ఆ మాట గాలితో పాటు నా లోపలికొచ్చేసింది."

"కాలిపోయిందా?"

"సగం కాలింది. కొత్త గాలి రావడం, పాత పొగ పోవడం నాలో ఒకేసారి జరుగుతాయి. అందుకే కొంచెం కాలకుండానే ఉండిపోద్ది."

అక్క లేచి ఇంజనుకు తాడు చుట్టి లాగుతుంది. ఇంజను దగ్గుతుంది. మళ్లీ లాగుతుంది. ఇల్లంతా నీలిపొగ నిండుతుంది. అందులో బావ గొంతు, తడిగా: "కా..."

అంతే.

బావ అక్కను కాసూ అని పిలిచేవాడు. మునిగిపోయే మనిషి కాపాడమని కూడా అరుస్తాడు. రెండూ అక్కడే మొదలవుతాయి.

"రెండిట్లో ఏదే, సిన్నీ?" అక్క నన్ను అడుగుతుంది.

"నిన్నేనక్కా పిలిసింది," అంటాను.

ఆమె నమ్మదు. అయినా ఆ పొగనంతా మూల మూలల నుంచీ పీల్చుకుని, ఊపిరి బిగబడుతుంది. ఇంజను నెమ్మదిగా చల్లారిపోతుంది.

అక్క ఊపిరి వదలకుండా అలాగే ఒడ్డుకు నడుస్తుంది. నేను వెంట వెళ్తాను. ఆమె సముద్రాన్ని అంచు పట్టి ఎత్తి, రెండో అంచు నా చేతికిస్తుంది. ఆరిన చీరను మడిచినట్టు ఇద్దరం మడుస్తాం. ఒక్కో మడతకూ ఎదురెదురుగా నడిచి దగ్గరవుతాం. చేతులు కలుస్తాయి. అక్క వేళ్లు చల్లగా ఉంటాయి. చివరికి సముద్రం నా ఒడిలో పట్టేంత అవుతుంది. చాలా బరువు.

సముద్రం ఉన్నచోట అడుగున, తడి ఇసుక మీద, కనుచూపు మేరా చాపలు. ఒక్కో చాప మీదా ఒకరు ముసుగు తన్ని పడుకుని ఉన్నారు. అక్క ఒక్కొక్క దుప్పటీ తొలగించి చూస్తుంది. బావ ఎక్కడా లేడు. అందరూ అక్కే. ఒకామెకు అప్పుడే తల నెరుస్తోంది. ఒకామెకు నడుము వంగిపోయింది. ఒకామెకు పళ్లు లేవు.

చివరి చాప మీది ముసలి అక్క కళ్లు తెరిచి మా అక్కను గుర్తుపడుతుంది. నోరు మాత్రం విప్పదు. మా అక్కలాగే ఊపిరి బిగబట్టి ఉంది; ఆమె ఛాతీ కదలడం లేదు. ఆ చాపల మీద ఎవరి ఛాతీ కూడా కదలడం లేదు.

ముసలి అక్క కొంచెం పక్కకు జరిగి, దుప్పటి ఎత్తి, చోటిస్తుంది.