మంచె మీద దిష్టిబొమ్మ

బావ కన్ను పడితే సముద్రమైనా ఎండిపోతుందని శ్రీరామ్మూర్తి నమ్మకం. బావంటే భార్య సన్యాసమ్మకి అన్న, జగ్గయ్య. లేకపోతే ఏమిటి? ఇద్దరూ ఒకే రోజు భీమిలి రేవుకి ఎదురుగా వెదురు మంచెలు తేల్చి లంగరేశారు. నీడకి చేపలు చేరాలని రెండింటి కిందా కొబ్బరి మట్టలే వేలాడదీశారు. జగ్గయ్య మంచె కింద చేపల తిరునాళ్లే. తన మంచె దగ్గర ఈగ కూడా లేదు!

పైగా ఈ ఏడు గంగాలమ్మ పండక్కి మొదటి చేపల కుండ తమ ఇంటి నుంచే గుడికి వెళ్తుందని సన్యాసమ్మ ఊరంతా చాటేసింది. ఆ మాట పోతే వీధిలో తలెత్తుకోలేరు.

అందుకే శ్రీరామ్మూర్తి మంచె నడుమ దిష్టిబొమ్మ నిలబెట్టాడు. బాన తల, కోరమీసాలు, గాలికి రెపరెపలాడే ఎర్రచొక్కా. ఆ రోజు నుంచే జగ్గయ్యతో మాటలు మానేశాడు. అయినా చేపలు రాలేదు.

విశాఖలో సముద్రజీవుల చదువు చదివే కూతురు రోజారమణి, సెలవు రోజున పడవెక్కి వచ్చి చూసింది.

"మావయ్య మంచె సూడు నాన్నా, ఎంత తెల్లగుందో!"

"సీ! అదంతా పిట్టల రెట్ట."

"ఆ రెట్టే నీళ్లకి ఎరువు. దానికి నాచు పెరుగుతాది, నాచుకి పురుగులొస్తాయి, పురుగులకి సిన్న సేపలు, వాటికోసం పెద్ద పార సేపలు. నీ బొమ్మకి జడిసి ఒక్క పిట్టా వాలట్లేదు."

"ఏటి! అమ్మోరికి రెట్టతో పెరిగిన సేపలెడతామా?"

"మరి నైవేద్యం బియ్యం దేంతో పండాయి? పేడతోనే కదా!"

శ్రీరామ్మూర్తి మంచె మీదికి ఎక్కాడు. బొమ్మని పీకి పడవలో పడేశాడు. ఒక పిట్ట వాలింది, తర్వాత గుంపు దిగింది. వెదురు తెల్లబడింది, మట్టలు పచ్చబడ్డాయి. పండగ ముందు వల లాగితే నిండా పారలే. సంతోషం పట్టలేక చిన్నపిల్లాడిలా కేక పెట్టాడు. వెంటనే బావ గుర్తొచ్చి సిగ్గేసింది.

కుండ గుడికి కాకుండా ముందు జగ్గయ్య గుమ్మంలోకి వెళ్లింది.

"బావా, నీ కన్ను మంచిదే. నా బుద్ధే పాడు. ఈ కుండకి నువ్వూ ఓ సెయ్యెయ్యి."

జగ్గయ్య కళ్లు తుడుచుకున్నాడు.

"నువ్వు పలక్కపోతే, ఇన్ని సేపలున్నా ముద్ద దిగలేదు బావా," అంటూ కుండ రెండో పక్క పట్టుకున్నాడు.